నాన్న కాలి మీద 38 ఏళ్ళనాటి కాలిన మచ్చ, 16 నెలలుగా మానని పుండు. బయాప్సీలో ఏమీ లేదంటే నమ్మేయొచ్చా?

కశింకోట కుర్రాడు
2024 ఫిబ్రవరి 11, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. మా తాత రోజుల్లో ఇంటి వెనకే బెల్లం పెనం ఉండేది. 1986లో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, పాకం ఒంపుతుంటే మా నాన్న పట్టు జారింది. కుడి కాలి మీద పడింది. అప్పుడాయనకి 24 ఏళ్ళు. బెల్లం పాకం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వేణ్ణీళ్ళలా కారిపోదు, చర్మాన్ని పట్టుకుని అక్కడే ఉండి కాలుస్తుంది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా తోలు ఊడొచ్చింది. తొడ చర్మం తీసి అతికించొచ్చని ఆ రోజుల్లో మాకు చెప్పినవాళ్ళు లేరు. దానంతటదే మానడానికి ఏడు నెలలు పట్టిందట. మిగిలింది నున్నగా మెరిసే గట్టి మచ్చ. దాని మీద వెంట్రుక మొలవదు, చెమట పట్టదు.

ఏటా చెరకు నరికేటప్పుడు ఆకు కోసుకుని ఆ మచ్చ మీద చీరుకుపోయేది, పది పదిహేను రోజుల్లో చెక్కు కట్టేది. మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. 2022 అక్టోబర్లో చీరుకున్నది మాత్రం మూసుకోలేదు.

అప్పటి నుంచి జరిగింది ఇదీ. ఊళ్ళో ఆర్‌ఎంపీ పది రోజులు ఇంజెక్షన్లు పొడిచి పైన పౌడరు చల్లాడు. టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీము పరీక్ష చేసి ఖరీదైన యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడించారు. రోజు విడిచి రోజు డ్రెస్సింగు, ఒక్కోదానికి 250 రూపాయలు, అలా అయిదు నెలలు. షుగరు చూశారు, పరగడుపున 104. సిరల స్కానింగు చేశారు, బాగానే ఉందన్నారు. పోయిన నెల ఒక సర్జన్ పుండు మధ్యలోంచి చిన్న ముక్క తీసి పంపారు. 'పంపిన ముక్కలో క్యాన్సర్ కణాలు లేవు, మామూలు వాపు' అని వచ్చింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మొన్న వేరే పని మీద విశాఖ వెళ్ళినప్పుడు ఇంకో సర్జన్‌కి చూపించాను. ఆయన కట్టు విప్పించి రెండు నిమిషాలు చూసి, 'ఇది కాలిన మచ్చలో వచ్చే స్క్వామస్ సెల్ అనే చర్మ క్యాన్సర్‌లాగే ఉంది, ముక్క మళ్ళీ తీయాలి' అన్నారు. నాన్న ససేమిరా అంటున్నాడు. 'ఒకపాలి లేదన్నారు కదా, మళ్ళీ ఎందుకు కోయించాల? ఉన్న కాలు కూడా తీసెత్తారేటి?' అని.

ఇప్పుడు పుండు నా అరచేతిలో సగం ఉంటుంది. ఎవరి మాట వినాలి? చర్మ క్యాన్సర్ అంటే తెల్లవాళ్ళకి ఎండ వల్ల వచ్చేది కాదా? కాలికి కాలిన మచ్చకీ దానికీ ఏం సంబంధం?

పసరు మందు
2024 ఫిబ్రవరి 12, ఉదయం 6:15

తమ్ముడూ, కత్తి తగిలించకండి. కత్తి తగిలితే పాకుతుంది. మా మామయ్యకి గొంతు దగ్గర గడ్డని గిల్లారు, ఆర్నెల్లలో మనిషి లేడు. పుట్టమన్ను, పసుపు, వేపాకు ముద్ద నలభై రోజులు కట్టి చూడండి. మా ఊరి వైపు ఒకాయన పసరు పోస్తాడు, కావాలంటే నెంబరు ఇస్తాను.

రిటైర్డ్ సిస్టర్
2024 ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3:05

కుర్రాడూ, ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను. మిలటరీ నర్సింగులో 29 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అందులో సగం పైన సర్జికల్ వార్డుల్లోనే గడిచింది. కట్టు విప్పి కట్టు కట్టడమే నా బతుకు. ఆ చూపుతో రాస్తున్నాను, చివరి మాట నీ సర్జన్‌దే.

నీ పోస్టులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'పుండు మధ్యలోంచి చిన్న ముక్క.' ఎవరు తీశారో నాకు అనవసరం. పుండు మధ్యలో ఉండేది చచ్చిన కండ, చీము, కొత్తగా లేస్తున్న ఎర్ర పొర. అక్కడ గిల్లి పంపితే వాపు కాక ఇంకేం కనబడుతుంది? ఈ జబ్బు కాపురం పెట్టేది అంచులో. కొంత పుండూ కొంత పక్క చర్మమూ కలిసొచ్చేలా అంచు మీద తీయాలి, లోతుగా తీయాలి, ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల తీయాలి. ఆ రిపోర్టు మళ్ళీ చదువు. పంపిన ముక్కలో లేదని రాశారు, కాల్లో లేదని రాయలేదు.

రేపు పగటి వెలుతురులో నువ్వే చూడు. మానే దారిలో ఉన్న పుండు అంచు పల్చగా, లోపలికి జారుతున్నట్టు ఉంటుంది. ఇది బయటికి తిరగబడి, ఒత్తుగా, వేలికి గట్టిగా తగులుతోందా? దూది ఆనించగానే నెత్తురు చిమ్ముతోందా? కట్టు విప్పగానే వాసన వేరేగా వస్తోందా? చీము వాసన ఒకటి, ఇది ఒకటి. ఈ పనిలో ఉన్నవాళ్ళకి గుమ్మంలోనే తెలుస్తుంది, మాటల్లో చెప్పమంటే చెప్పలేను. ఇన్నేళ్ళూ మొద్దుబారి ఉన్న మచ్చ ఇప్పుడు రాత్రిళ్ళు సలుపుతోందా? అన్నిటికంటే ముఖ్యం, కుడి గజ్జల్లో బిళ్ళ కట్టిందేమో తడిమి చూడు. బిళ్ళ ఉన్నంత మాత్రాన భయపడకు, పుండు చీము పట్టినా బిళ్ళ కడుతుంది. ఉంటే మాత్రం డాక్టరుకి నువ్వే చెప్పు, వాళ్ళు అడిగేదాకా ఆగకు.

ఇక కాలిన మచ్చకేం సంబంధం అన్నావు. మచ్చ అంటే చర్మం కాదు, చర్మం పోయిన చోట ఒళ్ళు వేసుకున్న అతుకు. దానికి నూనె గ్రంథులుండవు, నెత్తురు సరఫరా తక్కువ, సాగదు. అందుకే చెరకాకు తగిలినా చీరుకుంటుంది. చీరుకున్నప్పుడల్లా అంచుల్లో కణాలు గబగబా చీలి పూడ్చాలి. మీ నాన్నకి ఇది 36 ఏళ్ళు, ఏటా నడిచింది. అన్నిసార్లు నకలు తీస్తుంటే ఎప్పుడో ఒకసారి తప్పు నకలు పడుతుంది, ఆ తప్పు కణం ఆగమన్నా ఆగదు. పైగా కాలినప్పుడు అక్కడి లింఫు నాళాలు కూడా పోతాయి, కాబట్టి ఒంటి కాపలావాళ్ళు అక్కడికి చేరడమే కష్టం. సాధారణంగా కాలిన 30, 35 ఏళ్ళకి బయటపడుతుంది. మీ నాన్న లెక్క సరిగ్గా సరిపోయింది, అందుకే ఆ రెండో సర్జన్ రెండు నిమిషాల్లో అనేశారు. ఆయన్ని వదులుకోకు.

దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. 1828లో ఆ పేరుగల ఫ్రెంచి సర్జన్ పాత మచ్చల మీద లేచే ఈ పుళ్ళ గురించి రాశాడు. తమాషా ఏమిటంటే అది క్యాన్సరని ఆయనా గుర్తుపట్టలేదు. అలాంటిది టౌను డాక్టరు గుర్తుపట్టలేదని మరీ తిట్టుకోకండి. కానీ 16 నెలలు మాత్రం చాలా ఎక్కువ. మా వార్డులో నేను పెట్టుకున్న నియమం ఒకటుండేది, పాత మచ్చ మీద పుండు ఆరు వారాల్లో మానకపోతే అంచు ముక్క తీయమని డాక్టరు వెంట పడటమే. విసుక్కునేవాళ్ళు, తీసేవాళ్ళు.

తెల్లవాళ్ళకీ ఎండకీ సంబంధించిన జబ్బు కదా అన్నావు. అది నిజమే, సగం నిజం. మన రంగు మనకి కొంత గొడుగు. ఆల్బినిజంతో పుట్టిన పిల్లలకి ఆ గొడుగు ఉండదు, వాళ్ళకి మన ఎండే శత్రువు, చిన్న వయసులోనే రావచ్చు. మిగతా మనందరికీ ఈ రకం ఎక్కువగా వచ్చేది దెబ్బతిన్న చోటే. కాలిన మచ్చలు, కుష్ఠు తగ్గాక పాదాల్లో మిగిలిపోయే మొద్దు పుళ్ళు, ఎముక కుళ్ళి ఏళ్ళ తరబడి చీము కారే రంధ్రాలు, చర్మానికి పట్టిన టీబీ. బెంగాల్ వైపు బోరు నీళ్ళలో ఆర్సెనిక్ వల్ల అరిచేతుల్లో, అరికాళ్ళలో బొడిపెలు లేచి వాటిలో కొన్ని ఇలా తిరగబడతాయి. 1775లోనే లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ పొగగొట్టాలు తుడిచేవాళ్ళకి వృషణాల తిత్తి మీద వచ్చే పుండుకి మసే కారణమని రాశాడు. పనిని బట్టి క్యాన్సర్ వస్తుందని మొదట రాసింది ఆయనే.

నా కళ్ళతో చూసింది ఒకటి చెబుతాను. 1990ల్లో రెండేళ్ళు శ్రీనగర్‌లో ఉన్నాను. అక్కడ చలికాలం ప్రతివాళ్ళూ ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల కాంగ్రీ పెట్టుకుంటారు. మట్టి ముంతలో నిప్పులు, చుట్టూ అల్లిన బుట్ట. దాన్ని కడుపు కింద, తొడల మధ్య పెట్టుకుని కూర్చుంటారు. మా వార్డు ఆయమ్మ తొడల మీద గోధుమరంగు వల పరిచినట్టు చారలుండేవి. మొదట ఏదో బట్ట రంగు అంటుకుందేమో అనుకున్నా. ఏళ్ళ తరబడి సన్న సెగ తగిలితే చర్మం అలా అచ్చు పడుతుంది. ఆ వలలోంచే కొందరికి పుండు లేస్తుంది. కాంగ్రీ క్యాన్సర్ అని దానికి పేరే ఉంది, 1866లోనే ఎల్మ్‌స్లీ అనే డాక్టరు అక్కడ చూసి రాశాడు. అక్కడ ఎండా కాదు, తెల్లతోలూ కాదు, కుంపటి. మీ ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చేది కూడా ఇదే కణం క్యాన్సరే, ఇక్కడ సెగతో పాటు పొగాకు విషం కూడా కలుస్తుంది.

రిపోర్టు వచ్చాక అందులో మాటలు చూసి బెదిరిపోకుండా రకాల గురించి నాలుగు మాటలు. మన పైచర్మంలో అడుగు వరసలో పుట్టిన కణాలు పైకి జరుగుతూ చదునై చేప పొలుసుల్లా రాలిపోతాయి. ఆ పొలుసు కణాలే స్క్వామస్ సెల్స్. తప్పు కణాలు పైపొరలోనే ఉండిపోయి కిందికి దిగకపోతే బోవెన్స్ డిసీజ్ అంటారు. ఎర్రగా పొట్టు రాలుతూ ఉంటుంది, తామర అనుకుని ఏళ్ళకేళ్ళు ఆయింట్‌మెంట్లు రుద్దుతారు. కిందికి దిగితే అసలు క్యాన్సర్. అందులో వెల్, మోడరేట్, పూర్ డిఫరెన్షియేటెడ్ అని రాస్తారు. కణం తల్లి పోలిక ఎంత నిలుపుకుందో చెప్పడమది. వెల్ అంటే ఇంకా పోలిక ఉంది, కొంత నయం. పూర్ అంటే ఏ ఇంటి పిల్లో చెప్పలేనంత మారిపోయింది, తొందర పడాలి. వెర్రుకస్ అని ఇంకోటి, పులిపిరిలా గుత్తిగా పెరుగుతుంది, నెమ్మదైనది. పైపైన గిల్లి పంపితే మామూలు పులిపిరే అని రిపోర్టు వచ్చి మోసం చేస్తుంది. కెరటోఅకాంథోమా అయితే కొన్ని వారాల్లోనే గుండీలా లేచి మధ్యలో గట్టి బిరడా పెట్టుకుని కూర్చుంటుంది, అనుమానం ఉంటే దాన్నీ కోసేస్తారు.

ఎండ వల్ల వచ్చే చిన్న స్క్వామస్‌లలో ఎక్కువ భాగం చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి కోసేస్తే అక్కడితో సరి. మచ్చలో వచ్చేది అంత మెతక కాదు, గజ్జల బిళ్ళలకి పాకే గుణం దీనికి ఎక్కువ. అందుకే చుట్టూ రెండు సెంటీమీటర్ల పైన మంచి చర్మం కలిపి, లోతుగా తీసేసి, తొడ చర్మం అతికిస్తారు. కాలు తీసేది ఎప్పుడంటే ఎముకలోకో కీల్లోకో పెద్ద నరాల్లోకో దిగినప్పుడు. అది తెలియాలంటే ఎక్స్‌రే, ఎమ్మారై కావాలి. మీ నాన్నకి ఇలా చెప్పు: ఇప్పుడు ముక్క తీయించుకునేది కాలు తీయించుకోవడానికి కాదు, మిగుల్చుకోవడానికి.

కత్తి తగిలితే పాకుతుందన్న ఆ పెద్దమనిషికి కూడా ఒక మాట. మీ మామయ్య పోయింది జబ్బు వల్ల, గిల్లుడు వల్ల కాదు. ముదిరాక వెళతాం, ముక్క తీస్తారు, అప్పటికే నడుస్తున్న జబ్బు తన దారిన తాను నడుస్తుంది. నెపం కత్తి మీద పడుతుంది. పుట్టమన్ను పుండులో పెడితే ధనుర్వాతం రావచ్చు, అది నేను చూశాను కూడా. దయచేసి ఆ నెంబరు ఇక్కడ పెట్టకండి.

ప్రభుత్వ ఆరోగ్య పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లున్నాయి, కార్డు తీసి పెట్టుకో. మీకు దగ్గర్లో అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో చుట్టాలుంటే రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పాత రిపోర్టుతో పాటు ఆ ముక్క పెట్టిన మైనం బిళ్ళ, గాజు పలకలు కూడా ల్యాబులో అడిగి తీసుకో. చాలామందికి అడగొచ్చని తెలీదు.

బ్రిస్బేన్ బస్ అన్న
2024 ఫిబ్రవరి 12, సాయంత్రం 5:50

సిస్టర్ గారు అంత చెప్పాక నేను చెప్పేదేం లేదు, కానీ 'తెల్లవాళ్ళ జబ్బు' అన్నావు చూడు తమ్ముడూ, అందుకే రాస్తున్నా. నేను నల్లగా ఉంటాను. మా ఆవిడ అయితే మాడిన పెసరట్టు అంటుంది. నాకు రెండుసార్లు వచ్చింది.

నాది తెనాలి, ఇప్పుడు ఉండేది ఆస్ట్రేలియాలో. 2009లో కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని అణచే మాత్రలు జీవితాంతం వాడాలి. తప్పు కణాల్ని ఏరిపారేసేది కూడా ఆ శక్తే కదా, దాన్ని పడుకోబెడితే ఇవి లేచి కూర్చుంటాయి. నేను వాడిన అజాథయోప్రిన్ అయితే చర్మం ఎండకి ఇంకా తొందరగా దెబ్బతినేలా చేస్తుందట. కిడ్నీ మార్చుకున్నవాళ్ళకి ఈ స్క్వామస్ రకం మిగతావాళ్ళకంటే పదుల రెట్లు ఎక్కువ అని ఇక్కడి డాక్టరు చెప్పింది. ఇండియాలో నాకు ఆపరేషన్ అయినప్పుడు ఉప్పు గురించి, నీళ్ళ గురించి గంటసేపు చెప్పారు, ఎండ గురించి ఒక్క మాట చెప్పలేదు.

నేను సిటీ బస్సు నడుపుతా. ఇక్కడ కూడా డ్రైవరు కుడివైపే, కుడి చెయ్యి కిటికీకి. 2018లో కుడి ముంజేతి మీద ఎర్రగా పొట్టు రాలే మచ్చ. గజ్జి అనుకున్నా. ఏడాది పాటు ఇండియా నుంచి తెప్పించిన ట్యూబు రుద్దా. అది బోవెన్స్ అన్నారు, క్రీము రాయిస్తే నెలరోజులు కాలిన దోసెలా పేలిపోయి, తర్వాత పోయింది. 2021లో అదే చేతి వెనక ఇంకోటి గట్టిగా లేచింది. ఈసారి కోసి తీశారు, తొమ్మిది కుట్లు. కారు అద్దం, బస్సు అద్దం ఎండని ఆపుతాయనుకుంటాం. పక్క అద్దం మనల్ని కందకుండా కాపాడుతుంది తప్ప లోతుకి దిగే యూవీఏ కిరణాల్ని చాలావరకు లోపలికి రానిస్తుంది. చెయ్యి కందలేదు కదా అని ధీమాగా ఉన్నాను, అదే మోసం.

ఇక్కడ దేశమంతా దీని గోలే. 70 ఏళ్ళు వచ్చేలోపు ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్‌కి వైద్యం జరుగుతుంది. 1981లో ఒక సముద్రపక్షి బొమ్మతో పాట కట్టి చొక్కా తొడుక్కో, క్రీము పూసుకో, టోపీ పెట్టుకో అని టీవీలో మొదలెట్టారు. టోపీ లేకపోతే బడిలో మా పాపని ఆటకి వదలరు. సన్‌స్క్రీన్ అనేది సోకు అనుకునేవాణ్ణి. మా రాష్ట్రంలోనే నాంబూర్ అనే ఊళ్ళో 1992 నుంచి నాలుగున్నరేళ్ళు 1600 మందికి పైగా జనం మీద చూశారు, రోజూ రాసుకున్నవాళ్ళకి ఈ స్క్వామస్ దాదాపు 40 శాతం తగ్గింది. ఊరి పేరు వినగానే గుంటూరు పక్కన మన నంబూరు గుర్తొచ్చి నవ్వొచ్చింది, అలా గుర్తుండిపోయింది.

బీ3 విటమిన్ మాత్రలు వాడితే రావని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 2015లో ఇక్కడే చేసిన ఒక పరీక్షలో కొంత తగ్గిన మాట నిజం, కానీ మాలాంటి మార్పిడి కేసుల్లో 2023లో వచ్చిన ఫలితంలో ఉపయోగం కనబడలేదు. కాబట్టి నాకు ఇవ్వలేదు. నిండు చేతుల చొక్కా, ఆర్నెల్లకోసారి ఒళ్ళంతా చూపించుకోవడం, అంతే. మీలో కిడ్నీ మార్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెవి అంచులు, కింది పెదవి, చేతి వెనకలు అద్దంలో చూసుకోండి.

మానేరు మనిషి
2024 ఫిబ్రవరి 13, ఉదయం 9:20

సిస్టర్ గారూ, మా అమ్మకు నడుం కాడ లంగా నాడ కట్టుకునే చోట నల్లగ గీతలెక్క పడి తోలు మందమైంది. దురద పెడ్తదంటది. ఇది గూడ గిట్లనే అయితదా? భయమైతాంది.

రిటైర్డ్ సిస్టర్
2024 ఫిబ్రవరి 13, ఉదయం 11:30

చాలామందికి ఉండేదే అది, దాదాపు అందరికీ నల్లమచ్చతోనే పోతుంది. కానీ నిర్లక్ష్యం చేయకండి. పంచె, చీర నడుం దగ్గర బిగించి కట్టుకుని ఏళ్ళ తరబడి ఒరుసుకుంటే అరుదుగా అక్కడ పుండు లేవడం మన దేశంలోనే చూశారు, ధోతీ క్యాన్సర్ అని 1940ల్లోనే బొంబాయి డాక్టర్లు రాశారు. నాడ బదులు వెడల్పాటి పట్టీ లంగా కుట్టించండి, వదులుగా కట్టుకోమనండి, ముడి రోజూ ఒకే చోట పడనివ్వకండి, రాత్రి కొబ్బరినూనె రాయండి. అక్కడ పొట్టు లేచి పుండు పడినా, బొడిపె లేచినా చర్మ డాక్టరుకి చూపించండి.

కశింకోట కుర్రాడు
2024 మార్చి 9, రాత్రి 9:15

సిస్టరమ్మా, మీ పోస్టు ప్రింటు తీసి నాన్నకి చదివి వినిపించాను. 'మిగుల్చుకోవడానికి' అన్న మాట దగ్గర ఇంకోసారి చదవమన్నాడు. మర్నాడు తనే చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

మీరు చెప్పినవన్నీ చూశాను. అంచు మీరన్నట్టే తిరగబడి ఉంది, తాడు పేనినట్టు. మేం దాన్ని కొత్త కండ పడుతోందని సంతోషించాం. అదే బాధగా ఉంది, అమ్మ అయితే ఆ అంచు చూసి దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టింది.

అంచు మీద నాలుగు చోట్ల ముక్కలు తీశారు. రెండింట్లో ఏమీ లేదు. రెండింట్లో వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా. ఆ 'వెల్' చూసి నేను కొంచెం నిలబడగలిగాను, మీరు ముందే చెప్పబట్టి. నాలుగింట్లో రెండు మాత్రమే అంటే, ఒక్కటే తీసి ఉంటే మళ్ళీ లేదనే వచ్చేదేమో. ఎమ్మారైలో ఎముక తగల్లేదు. గజ్జల్లో రెండు బిళ్ళలు, సూదితో తీసి చూస్తే చీము వల్ల వచ్చిన వాపేనన్నారు. ఆపరేషన్ 14న.

పాత గాజు పలకలు అడిగితే మొదట లేవన్నారు. మీ మాట పట్టుకుని అక్కడే గంట కూర్చున్నాను. వచ్చాయి.

రిటైర్డ్ సిస్టర్
2024 మార్చి 10, ఉదయం 7:00

శుభం. అమ్మని ఆ కొబ్బరికాయ గురించి ఏమీ అనకు. నేను కూడా మొదటి ఏడాది అలాగే అనుకున్నాను ఒక సుబేదార్ మోకాలి దగ్గర, పెద్ద సిస్టర్ తిట్టేదాకా.

ఆపరేషన్ అయ్యాక అయిదు రోజులు అతుకు వేసిన కట్టు కదపనివ్వకండి. ఆయన నెప్పి అనేది ఎక్కువగా తొడ దగ్గర, చర్మం తీసిన చోట ఉంటుంది, కాలి దగ్గర కాదు. అందరూ అది చూసి కంగారు పడతారు. అతుకు మానాక కూడా అది మళ్ళీ మచ్చ లాంటిదే, రెండు పూటలా కొబ్బరినూనె, చెరకు తోటలోకి వెళ్తే మోకాలి దాకా మందపాటి మేజోళ్ళు, బూట్లు. మిగిలిన పాత మచ్చ మీద ఎక్కడ చీరుకున్నా తేదీ గోడ మీద రాసి పెట్టు. ఇప్పటి పిల్లల్లో ఎవరైనా కాలితే మాత్రం ఏడు నెలలు దానంతట మానేదాకా చూడకండి, మూడు వారాల్లో మానదని తేలితే చర్మం అతికించేయాలి. అసలు జాగ్రత్త మొదలయ్యేది అక్కడ.

కశింకోట కుర్రాడు
2024 మే 26, రాత్రి 8:30

చివరి రిపోర్టు కూడా వచ్చింది. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి, దగ్గరలో దగ్గర అంచు 14 మిల్లీమీటర్ల దూరం. రేడియేషన్ అవసరం లేదన్నారు. రెండేళ్ళ దాకా మూడు నెలలకోసారి గజ్జలు చూపించుకోవాలి. అతుకు చీలమండ దగ్గర చిటికెనవేలి గోరంత పట్టలేదు, అది కూడా నిన్నటికి మానింది. నాన్న కర్ర లేకుండా నడుస్తున్నాడు. తొడ నెప్పి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం, వారం రోజులు కాలు ఊసే ఎత్తలేదు. బ్రిస్బేన్ అన్నా, నాన్న నీ గురించి అడిగాడు, 'ఆ పెసరట్టు అబ్బాయి బాగున్నాడా' అని.

ఇంకో విషయం సిస్టరమ్మా. మీరు అడ్డపొగ గురించి ఒక ముక్క రాశారు కదా. మా నాన్నమ్మకి 81. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే తాగుతుంది, పుల్లలేరుతున్నా, వడ్లు దంచుతున్నా నిప్పు లోపలే. నిన్న టార్చి వేసి అంగిలి చూశాను. తెల్లగా మందంగా ఉంది, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు. ఒక పక్కన మాత్రం గరుగ్గా పుండులా ఉంది.

రిటైర్డ్ సిస్టర్
2024 మే 26, రాత్రి 9:10

తెల్లగా చుక్కలతో ఉన్నది అడ్డపొగ తాగేవాళ్ళలో చాలామందికి ఉండేదే. ఆ పక్కనున్నది చూపించు. ఈ వారంలోనే, నోటి డాక్టరుకి. ఈసారి ముక్క ఎక్కణ్ణుంచి తీయాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

కశింకోట కుర్రాడు
2024 మే 26, రాత్రి 9:25

సోమవారం తీసుకెళ్తున్నాను. చెప్పగానే 'మీ నాన్న కాలు కోయించావు, ఇప్పుడు నా నోటి మీద పడ్డావేటి' అని వీధిలోకి వినబడేలా తిట్టింది. నాన్న మంచం మీంచి 'ఎళ్ళవే అమ్మా, నాను ఎల్లలేదేటి' అన్నాడు. చుట్టలు బియ్యం డబ్బాలో దాచింది. అవి నాకు కనబడ్డాయని ఆవిడకి ఇంకా తెలీదు.